పాత గాడిలో కొత్త తలుపు

సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే రైతుకు షట్టర్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అనంతగిరి, కోదాడ, హుజూర్‌నగర్ వైపు ఏ తూము దగ్గర ఆగినా అదే కనిపిస్తుంది. రెండు గోడల్లో నిలువుగా గాడి, ఆ గాడిలో పైకీ కిందికీ జరిగే ఇనుప పలక, దాన్ని ఎత్తడానికి మరలున్న కడ్డీ. లస్కర్ తిప్పితే పలక లేస్తుంది, తిరగేసి తిప్పితే దిగుతుంది. గాడిలో ఇసుక చేరితే బిగుసుకుంటుంది. అంచు రబ్బరు అరిగితే కారుతుంది. కడ్డీకి గ్రీజు పెట్టక రెండేళ్లయితే నలుగురు పట్టినా కదలదు. జరిగే తలుపు మంచిచెడ్డలన్నీ ఈ చిన్న పలకలోనే ఉన్నాయి.

ఆ పలక వెడల్పు 60 అడుగులు, ఎత్తు 20 అడుగులు ఉంటే? దాని వెనక నది ఉంటే? ఒక రాత్రి అది కొట్టుకుపోతే, ఆ గాడిలో నీళ్లు పారుతుండగానే మరో తలుపు దించాలంటే? 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం మీద జరిగిందదే. దాన్ని వార్తగా చాలామంది చదివారు. నేనిక్కడ చెప్పదలచుకున్నది అందులోని పనితనం గురించి.

హోసపేట దగ్గరి తుంగభద్ర డ్యాం పని 1945లో మొదలై 1953కి పూర్తయింది. ఎక్కువ భాగం రాతికట్టడం, సున్నమూ సుర్కీ కలిపిన గారతో కట్టింది. దాని మీద 33 గేట్లు. ఒక్కో గేటూ నిలువు గాడిలో జరిగే తలుపే. గొలుసుతో వేలాడుతుంది, రెండో వైపు బరువుకు బరువుగా కౌంటర్ వెయిట్ ఉంటుంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగింది, గేటు నీళ్లతో పాటు పోయింది. ఆ ఒక్క ఖాళీలోంచే సుమారు 35 వేల క్యూసెక్కులు బయటికి దూకాయి. కట్ట మీద ఒత్తిడి ఒక్కచోటే పడకుండా మిగిలిన గేట్లు కూడా తెరిచారు. డ్యాం అప్పటికి దాదాపు నిండుగా ఉంది, నిల్వ 105 టీఎంసీలు.

మామూలు దారి తెలిసిందే. గేటు కూర్చునే గడప మట్టం 1613 అడుగులు, నిండు మట్టం 1633. నీటిని గడప కిందికి దించేస్తే గాడి ఎండిపోతుంది, తాపీగా కొత్త గేటు బిగించుకోవచ్చు. కానీ అలా దించాలంటే 60 టీఎంసీల దాకా నదిలోకి వదిలేయాలి. అనంతపురం, కర్నూలు, కడప ఎగువ దిగువ కాలువలూ, రాయచూరు, బళ్లారి, రాజోలిబండ, వీటన్నిటి ఖరీఫ్ ఆ నీళ్లలోనే ఉంది.

మనకు దగ్గరలోనే దీనికి పోల్చదగిన అనుభవం ఒకటుంది. చింతలపాలెం మండలం అవతల, కృష్ణ మీది పులిచింతల. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున అక్కడ 16వ గేటు కొట్టుకుపోయింది. అక్కడ గేటు స్థానంలో నీటిని ఆపే తాత్కాలిక పలకలు, అంటే స్టాప్‌లాగ్‌లు, దించడానికి జలాశయాన్ని చాలా మేరకు ఖాళీ చేయాల్సి వచ్చింది. నిండిన జలాశయం రెండు మూడు రోజుల్లో దిగువకు పోయింది. ప్రమాదం తప్పినందుకు సంతోషించాం, పోయిన నీటికి బాధపడ్డాం. తుంగభద్ర దగ్గర చేతులు కట్టుకుంటే అదే కథ మళ్లీ జరిగేది.

ఇలాంటప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గేట్ల నిపుణుడిగా పంపిన మనిషి నాగినేని కన్నయ్యనాయుడు. చిత్తూరు జిల్లా మనిషి. అప్పటికే ఎనభైకి దగ్గరపడిన వయసు. ఉద్యోగమంతా హోసపేటలోని తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్‌లో, డ్యాం గేట్లు తయారుచేయడమే పనిగా ఉన్న ఆ కర్మాగారంలో గడిచింది. ఆ సంస్థను మూసేయాలని కేంద్రం 2015లో నిర్ణయించింది. అంటే గేటు విరిగిన రోజుకు ఆ ఊళ్లో గేట్ల కర్మాగారం లేదు, దాని పని నేర్చిన మనుషులు మాత్రం మిగిలారు. ఈ సంగతి నన్ను బాగా కదిలించింది. ఏ గాడి ఎంత లోతో, ఏ పట్టా ఎక్కడ అరుగుతుందో చేతులకు తెలిసిన మనిషిని ఫోన్ చేసి పిలవగలిగాం. ఇంకో పదేళ్లు ఆలస్యమైతే ఎవరిని పిలిచేవాళ్లం?

ఆయన చెప్పిన ఉపాయం వినడానికి సులువు. మొత్తం గేటును ఒకేసారి దించకుండా, 60 అడుగుల పొడవూ 4 అడుగుల ఎత్తూ ఉన్న ఐదు పలకలు చేయించి, ఒకదాని మీద ఒకటి పేర్చడం. ఇదీ స్టాప్‌లాగే. మామూలుగా స్టాప్‌లాగ్‌ను గేటు మరమ్మతు కోసం నిలిచిన నీటిలో దించుతారు. దూకుతున్న నీటిలో దించడమే ఇక్కడి కొత్తదనం, ఇక్కడి భయం కూడా.

ఆ భయం ఎంతటిదో లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ఘనపుటడుగు నీరు 28 కిలోల పైచిలుకు. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు, సగటు లోతు 10 అడుగులు. మూడింటినీ గుణిస్తే 12 వేల ఘనపుటడుగులు, అంటే నిలకడ నీటిలో మూసిన గేటు మీద సుమారు 340 టన్నుల నెట్టుడు. ఆ బరువు నేరుగా గాడి అంచు మీదికే పోతుంది. నీళ్లు నిండుగా ఉంటే అన్నిటికన్నా కింది 4 అడుగుల పలక ఒక్కటే 120 టన్నులు మోయాలి. పలక సొంత బరువు అందులో పదో వంతు. ఇనుము మీద ఇనుము రాసుకుంటే, ఆ రాపిడి పలకను సొంత బరువుతో దిగనివ్వదు, మధ్యలోనే పట్టేస్తుంది. అందుకే పెద్ద గేట్లకు చక్రాలు పెడతారు. అందుకే గాడిలో పట్టా నున్నగా, నిక్కచ్చిగా ఉండాలంటారు. పారే నీటిలో లెక్క ఇంకా చిక్కవుతుంది. పలక కింది అంచును ఒరుసుకుంటూ నీళ్లు పరుగెత్తినప్పుడు అవి పలకను కిందికి గుంజుతాయి, అదే సమయంలో అదురు పుట్టిస్తాయి. 60 అడుగుల దూలం ఒక కొస ఒక అంగుళం ముందు దిగితే చాలు, ఐమూలగా బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఎత్తడమూ కష్టం, దించడమూ కష్టం.

పాత పడవలో పక్కకు జరిగే కేబిన్ తలుపును బాగుచేసే వడ్రంగి కూడా ఇదే చిక్కును చిన్న కొలతలో ఎదుర్కొంటాడు. ఏళ్ల తరబడి అలల మీద మెలితిరిగిన పడవకు చట్రం మూలమట్టంలో ఉండదు. కొత్త చక్రాలూ కొత్త పట్టా తెచ్చి బిగిస్తే తలుపు రెండు రోజులు జరిగి మూడో రోజు ఆగుతుంది. మంచి పనివాడు మొదట చట్రాన్ని పైనా కిందా మధ్యలో కొలుస్తాడు, పాత చట్రం వంకరకు సరిపడేలా కొత్త తలుపును తగ్గిస్తాడు. తుంగభద్ర మీద జరిగినదానికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు. డెబ్బై ఏళ్ల రాతికట్టడంలో గాడి ఎలా ఉంటే పలక అలా ఉండాలి. కొంచెం పొడవైతే దిగదు. కొంచెం పొట్టైతే గాడిలో ఆనుకోదు, నీళ్లు దాన్నీ తీసుకుపోతాయి. పైగా ఆ గాడి లోపల ఏముందో కళ్లతో చూసే వీలు లేదు, అక్కడ నది దూకుతోంది.

పలకల తయారీ హోసపేట వర్క్‌షాపుల్లోనూ, తోరణగల్లులోని జిందాల్ ఉక్కు కర్మాగారంలోనూ రాత్రింబవళ్లు సాగింది. ఇక్కడ వెల్డర్ల గురించి ఒక మాట చెప్పాలి. 60 అడుగుల పలకకు ఒక వైపే అతుకు పెడుతూ పోతే వేడికి అది విల్లులా వంగుతుంది. చల్లారాక ఆ వంపు పోదు. గాడిలో దిగాల్సిన వస్తువు వంగితే చేసిన పనంతా వృథా. అందుకే ముక్కలు ముక్కలుగా, ఆ వైపూ ఈ వైపూ మార్చుకుంటూ అతుకుతారు. తొందరలో ఉన్నప్పుడు మొదట పోయేది ఈ ఓపికే. అంత తొందరలోనూ అది పోలేదు.

ఆగస్టు 15న చేసిన ప్రయత్నం ఫలించలేదు. పైనున్న పాత ఇనుప నిర్మాణం అడ్డొచ్చింది. అక్కడ పట్టుదలకు పోయి దించేసే ప్రయత్నం చేయకపోవడం గొప్ప నిర్ణయమని నా అభిప్రాయం. ఊరంతా, రెండు మూడు రాష్ట్రాల మంత్రులూ చూస్తున్నారు, కెమెరాలూ చూస్తున్నాయి. అయినా ఆగారు, అడ్డు తొలగించారు. 16 రాత్రి మొదటి పలక గాడిలో కూర్చుంది. క్రేను నడిపేవాడూ, తాళ్లు పట్టిన ఖలాసీలూ రెండు కొసలనూ ఒకే మట్టంలో ఉంచి దించారు. మొదటిది కూర్చుంటే మిగిలినవాటికి ధైర్యం వస్తుంది, ఎందుకంటే ప్రతి పలకతోనూ పైనుంచి దూకే నీటి మందం తగ్గుతూ వస్తుంది. 17న మిగిలినవి కూడా పడ్డాయి, 19వ గేటు మూసుకుంది. డ్యాంలో 70 టీఎంసీలకు పైగా నిలిచాయి. నీళ్లు దించి పనిచేసి ఉంటే మిగిలేవి నలభై చిల్లర.

రెండు వారాలు తిరగకముందే మన దగ్గర ఉపద్రవం వచ్చింది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకు పాలేరు పొంగి కోదాడ, అనంతగిరి ప్రాంతాలను ముంచింది. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అదే వరదలో కృష్ణ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బరువైన పడవలు గేట్లను ఢీకొని కాంక్రీటు కౌంటర్ వెయిట్లను విరగ్గొట్టాయి. మళ్లీ కన్నయ్యనాయుడునే పిలిచారు. పాత దిమ్మ లాంటిదే కాంక్రీటుతో పోయాలంటే అచ్చు కట్టాలి, ఆరనివ్వాలి, అప్పటి వరకూ గేటు పనికిరాదు. ఆయన బృందం ఉక్కు పెట్టెను బయట తయారుచేసి, పైకెత్తి బిగించి, లోపల కాంక్రీటు నింపింది. పాతదాని బరువుకు సరిగ్గా తూగితే చాలు, పాతదాని రూపం అవసరం లేదు. ఏది మారకూడదో, ఏది మారినా ఫరవాలేదో విడదీసి చూడడం మరమ్మతు పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం. తుంగభద్రలో గాడి మారకూడదు, తలుపు ఒకటి కాకుండా ఐదైనా సరే. విజయవాడలో బరువు మారకూడదు, దిమ్మ ఇనుముదైనా సరే.

స్టాప్‌లాగ్ శాశ్వతం కాదు. అది ఎత్తి దించే గేటు కాదు, గాడిని మూసి కూర్చున్న పలకల దొంతర. అందుకే ఆ తర్వాత నిపుణుల సంఘం 33 గేట్లూ మార్చాలని చెప్పింది. 2025 వానాకాలంలో డ్యాంను 80 టీఎంసీలకు మించి నింపలేదు. 33 గేట్లకూ ఒకే బొమ్మ గీసి 33 పలకలు చేయించి తెస్తే సరిపోదు. ప్రతి గాడినీ నీళ్లు దిగినప్పుడు విడివిడిగా, పై నుంచి గడప దాకా కొలవాలి, తుప్పు గీకాలి, పట్టా ఎక్కడ కుంగిందో రాసుకోవాలి, ఆ కొలతకే ఆ గేటు చేయాలి.