నాగాల వెనుక మనిషిని వెతికే కోర్టు

గోదావరిఖనిలో బొగ్గుబాయి డ్యూటీకి పోని రోజును నాగా అంటారు. నాగాలు ముదిరితే చార్జిషీటు, దాని వెంట ఎంక్వయిరీ, ఆఖరుకు డిస్మిస్ ఆర్డరు. ‘ఏడాదికి 100 మస్టర్లు (హాజరు రోజులు) కూడా లేవు’ అన్నది సింగరేణి డిస్మిస్ కేసుల్లో తరచూ వినిపించే మాట. ఆ ఆర్డరు పట్టుకుని కార్మికుడు ఎక్కే మెట్లు ఊళ్లోనే ఉన్న పారిశ్రామిక ట్రిబ్యునల్ కమ్ లేబర్ కోర్టువి. ఇక్కడ జడ్జి ముందుండేవి హత్యలూ ఆస్తి తగాదాలూ కావు, హాజరు లెక్కలు. అందుకేనేమో ఈ పనితనం గురించి ఎవరూ రాయరు.

యూనియన్ అండ లేకున్నా కార్మికుడు నేరుగా ఈ గడప తొక్కవచ్చని 1987లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించుకుంది. కేంద్రం ఆ దారికి రావడానికి 2010 దాకా పట్టింది.

విచారణకు ఒక వరుస ఉంది. కార్మికుడి కాగితాలకు డబ్ల్యూ, యాజమాన్యం కాగితాలకు ఎం గుర్తులు వేస్తారు. ముందు తేల్చేది నాగాల సంగతి కాదు, కంపెనీ జరిపిన ఎంక్వయిరీ సక్రమమా కాదా అన్నది. చార్జిషీటు అందిందా? సాక్షులను ప్రశ్నించనిచ్చారా? ఎంక్వయిరీ చెల్లదని తేలితే యాజమాన్యం కోర్టులోనే ఆరోపణను మళ్లీ రుజువు చేసుకోవాలి. చాలా కేసుల్లో కార్మికుడి వకీలే ‘ఎంక్వయిరీ మీద మాకు పేచీ లేదు’ అని మెమో దాఖలు చేస్తాడు. కొత్తవాళ్లకిది ఓటమిలా కనిపిస్తుంది. నిజానికి తెలివైన ఎత్తు. నాగాలు ఎలాగూ రికార్డులో ఉన్నాయి, వాటిని కాదనలేడు. వాదనంతా శిక్ష మీదికి మళ్లుతుంది.

అక్కడే ఆ చట్టంలోని 11-ఎ సెక్షన్ అక్కరకొస్తుంది. 1971 డిసెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సెక్షన్, తప్పు రుజువైనా శిక్ష మరీ ఎక్కువైతే తగ్గించే అధికారం జడ్జికిచ్చింది. స్టాండింగ్ ఆర్డర్లు నేరమన్నది ‘సరైన కారణం లేకుండా’ అలవాటుగా మానేయడాన్ని. ఆ కారణాన్నే జడ్జి తవ్వాలి. జబ్బా, ఇంట్లో చావా, తాగుడా? ఎన్నేళ్ల సర్వీసు, ఇదివరకు ఏం శిక్షలు పడ్డాయి? తరచూ వచ్చే తీర్పు ఒక మధ్యేమార్గం: పనిలోకి తీసుకోండి, ఖాళీగా ఉన్న కాలానికి జీతం మాత్రం లేదు. రెండు పక్షాలూ గొణుగుతాయి. నాకైతే ఇది న్యాయమనిపిస్తుంది. సర్వీసు తెగకుండా నిలిపితే గ్రాట్యుటీ, పింఛను దక్కుతాయి. పోయిన జీతమే శిక్ష.

ఇంత సూక్ష్మమైన పనికి జడ్జి ఎలా వస్తాడు? జిల్లా జడ్జి స్థాయి అధికారిని హైకోర్టు పంపుతుంది. ఆయనకు బదిలీలు తప్పవు. బదిలీ ఫిల్లరంటే (మరొకరి బదులు బొగ్గు నింపే కార్మికుడు) ఎవరో, మస్టరెలా పడుతుందో పట్టుబడేసరికి వేరే ఊరికి ఆర్డరొస్తుంది.

అమెరికాలో దారి వేరు. విజయవాడలో పుట్టిన జయ బాడిగ కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టులో 2022 నుంచి కమిషనరుగా చేసి, 2024లో గవర్నరు నియామకంతో అదే కోర్టులో జడ్జి అయ్యారు. ప్రమాణ స్వీకారంలో తెలుగు వినిపించి మనవాళ్లందరికీ తెలిశారు. ఆ రాష్ట్రంలో జడ్జీలు ఆరేళ్లకోసారి ఓటర్ల ముందుకు పోవాలి. ఆ బెడద మనకు లేకపోవడం మేలే. కానీ పనిచేసిన కోర్టులోనే ఎదిగే అవకాశం మన జడ్జీలకూ కొంత ఉండాలి.

ఎందుకంటే, హైకోర్టు రిట్‌లో మామూలుగా సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేయదు. నిజానిజాల మీద దాదాపు ఆఖరి మాట ఈ కింది కోర్టుదే.

ఆ పాత చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఇక డిస్మిస్ కేసులు వినాల్సింది ఇద్దరు సభ్యుల ట్రిబ్యునల్, జడ్జి పక్కన ఒక పరిపాలనాధికారి. శిక్ష తగ్గించే అధికారం అలాగే ఉంది, గడువే కుదించుకుపోయింది. రెండేళ్లు దాటిన వివాదాన్ని రాజీ అధికారి చేపట్టడు. ఆయన నివేదిక వచ్చాక 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పోవాలి. కాబట్టి డిస్మిస్ అయిన కార్మికులారా, ఆస్పత్రి చీటీ ఒక్కటీ పారేయకండి, పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ గడువు పోగొట్టుకోకండి.