ఖనిజ విధానము: లెక్కకు రాని పొదుపు

పంట కోసిన పొలమున మరల విత్తవచ్చును. త్రవ్విన గనిలో ఇనుప ఖనిజము మరల మొలవదు. కావున ఏ ఖనిజ విధానమునైనను రెండు ప్రశ్నలతో పరీక్షింపవలెను: ఎంత త్రవ్వుదుము? ఎంత మిగుల్చుదుము?

ఒడిశాలోని అక్రమ తవ్వకములపై 2017 ఆగస్టులో తీర్పు చెప్పుచు, 2008 నాటి జాతీయ ఖనిజ విధానమును పునఃపరిశీలింపుమని సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది. ఫలితముగా 2019 విధానము వెలువడినది. ఖనిజ సంపదలో రాబోవు తరములకును భాగము గలదని అది అంగీకరించుట మెచ్చదగినదే.

అయితే మొదటి ప్రశ్నకు అందు అంకెలున్నవి. ప్రధాన ఖనిజముల ఉత్పత్తి విలువ ఏడేండ్లలో 200 శాతము పెరుగవలెను. అనగా మూడు రెట్లు కావలెను. ఖనిజ వర్తకములోని లోటు సగము తగ్గవలెను. రెండవ ప్రశ్నకు ఆశయములే గాని అట్టి అంకెయు, గడువును లేవు.

పొదుపునకు అంకె కట్టుట అసాధ్యమా? కాదు. నిపుణుల సంఘము తుది నివేదిక వచ్చువరకు గోవాలో ఏటా 2 కోట్ల టన్నులకు మించి ఇనుప ఖనిజము త్రవ్వరాదని 2014లో సుప్రీంకోర్టు హద్దు పెట్టినది. అమ్మకపు ధరలో 10 శాతమును శాశ్వత నిధికి చేర్చుమన్నది.

అన్వేషణచే కొత్త నిక్షేపములు బయటపడునుగదా యని కొందరందురు. నిజమే. కాని అన్వేషణ మన ఎరుకను పెంచును; భూమిలోని ఖనిజమును పెంచదు.

ఉపాధ్యాయులు ఉత్పత్తి పట్టికను బోధించునపుడు దాని ప్రక్కన 'మిగులు' అను గడిని కూడ గీయింపవలెను. ఆ గడి నింపు బాధ్యత విద్యార్థులది కాదు, విధానకర్తలది.