ఒక రాత్రి సెలవు: ‘ది డాక్స్ ఆఫ్ న్యూయార్క్’

నావికుడి ప్రేమకథ అనగానే మన మనసులో ఒక బొమ్మ సిద్ధంగా వుంటుంది. రేవుకొక ప్రియురాలు, ఒకచోట కాలు నిలవని స్వభావం, సముద్రం పిలిచిందని వెళ్లిపోవడం, ఒడ్డున ఒక ఆడదాని కన్నీళ్లు. హాలీవుడ్ ఈ బొమ్మను ఎన్నిసార్లు అచ్చు వేసిందో లెక్క లేదు. అందులో నావికుడు పని చేస్తూ కనిపించడు. వాడికి జీతం ఎవరిస్తారు, సెలవు ఎవరిస్తారు, ఎన్ని గంటలు ఇస్తారు అన్న ప్రశ్న ప్రేక్షకుడికి తట్టనివ్వరు. చంచలత్వం వాడి రక్తంలోనే వున్నదని నమ్మించి మనల్ని ఇంటికి పంపిస్తారు.

ఇదే కథను, ఇదే హాలీవుడ్‌లో, 1928లో జోసెఫ్ వాన్ స్టెర్న్‌బర్గ్ అనే దర్శకుడు తీశాడు. చిత్రం పేరు ‘ది డాక్స్ ఆఫ్ న్యూయార్క్’. మాటలు లేని చిత్రం. నిడివి సుమారు గంటా పావు. కథానాయకుడు ఓడలో బొగ్గు పోసేవాడు. ఆ మనిషి నిలకడలేనితనానికి మూలాన్ని ఓడ బయలుదేరే వేళలో వెదికిన చిత్రం ఇది. దీన్ని గురించి అభ్యుదయ విమర్శకులు చెప్పవలసినంత చెప్పలేదని నా అభిప్రాయం. ఆ లోపంలో నా వంతు కూడా వుంది కనుక ఈ వ్యాసం కొంతవరకు ఆత్మవిమర్శ.

చిత్రం మరుగున పడడానికి మొదటి కారణం కాలం. 1927 అక్టోబరులో ‘ది జాజ్ సింగర్’ వచ్చి తెరకు గొంతు ఇచ్చింది. స్టెర్న్‌బర్గ్ చిత్రం విడుదలైన 1928 సెప్టెంబరులోనే, అదే ఆల్ జోల్సన్ పాడిన ‘ది సింగింగ్ ఫూల్’ కూడా వచ్చింది. జనం పాట వినడానికి పరుగెత్తారు. మూకీ కళ పరిపక్వమైన నాటికే దానికి నూకలు చెల్లిపోయాయి. రెండవ కారణం దర్శకుడి తర్వాతి కీర్తి. 1930 నుంచి 1935 వరకు అతను మార్లీన్ డీట్రిచ్‌తో ఏడు చిత్రాలు తీశాడు. పొగ, జాలీ తెరలు, ఈకలు, అర్ధనిమీలిత నేత్రాలు: స్టెర్న్‌బర్గ్ అంటే ఇంతే అని లోకం తీర్మానించింది. డాక్యుమెంటరీ ఉద్యమానికి పెద్ద దిక్కయిన జాన్ గ్రియర్సన్ అతన్ని గురించి రాస్తూ, దర్శకుడు చచ్చిపోతే ఛాయాగ్రాహకుడవుతాడని ఎద్దేవా చేశాడు. పదునైన మాట కనుక మన చేతికి సులభంగా అందింది. నేను కూడా చాలా ఏళ్లు తరగతిలో రూపవాది అన్న ముద్ర వేసి, స్టెర్న్‌బర్గ్‌ను రెండు వాక్యాలలో ముగించి, ‘బాటిల్‌షిప్ పొటెంకిన్’ దగ్గరికి వెళ్లిపోయేవాణ్ని.

ఆ రూపవాది తన చిత్రాన్ని ఎక్కడ మొదలుపెట్టాడో చూడండి. ఓడ లంగరు దించుతుంది. వెంటనే మనల్ని ఓడ అడుగుకు, బాయిలర్ల గదికి తీసుకుపోతాడు. మసిబట్టిన గోడలు, ఆ గోడల మీద కూలీలు గీసుకున్న ఆడవాళ్ల బొమ్మలు, చెమట, పారలు, కొలిమి నోళ్ల వెలుగు. ఓడ ఎన్ని సముద్రాలు దాటినా ఈ మనుషులకు పని వేళల్లో సముద్రం కనిపించదు. ఉప్పుగాలి పీల్చే స్వేచ్ఛాజీవి అన్న మాట మొదటి దృశ్యంలోనే చెల్లని నాణెమైపోతుంది.

బొగ్గు ఓడల కాలంలో ఈ పని ఎట్లా వుండేదో కొంచెం చెప్పుకోవాలి. సాధారణంగా నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం, మళ్లీ నాలుగు గంటలు; రాత్రీ పగలూ అదే వరస. పారతో బొగ్గు ఎత్తి కొలిమిలో సమంగా పరచాలి. కరిగి గట్టిపడిన చిట్టాన్ని ఇనుప కడ్డీతో పెకలించి బయటికి లాగాలి. బూడిద ఎత్తిపోయాలి. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు కిందికి జారకుండా కనిపెట్టుకొని వుండాలి. మన రైలింజన్ల మీద ఫైర్‌మన్ చేసిన పని ఇదే. కాకపోతే అతనికి పక్కన గాలి, పొలాలు, స్టేషన్లు వుండేవి. బ్రిటిష్ కంపెనీల ఓడలలో ఈ చాకిరీ చేసినవారిలో వేలాదిమంది మన దేశస్థులే. ఆగ్‌వాలాలనే పేరుతో, తెల్ల కార్మికుడి జీతంలో చిన్న భాగానికి వాళ్లను ఎక్కించుకునేవారు.

థర్డ్ ఇంజనీరు ఆండీ ఆ గదిలోకి వచ్చి హుకుం చెబుతాడు: ఒక్క రాత్రి సెలవు. తెల్లవారితే ఓడ కదులుతుంది. కథ మొత్తం ఈ హుకుం మీద నిలబడి వుంది. బిల్ రాబర్ట్స్ (నటుడు జార్జ్ బాన్‌క్రాఫ్ట్) ఆ రాత్రి నుంచి ఆశించేది తాగుడు, ఒక పోట్లాట, ఒక ఆడది. సంవత్సరానికి సరిపడా బతకవలసినదాన్ని పన్నెండు గంటల్లో కుక్కుకొనేవాడు నెమ్మదిగా ఎట్లా వుంటాడు? అతని దూకుడును దర్శకుడు మెచ్చుకోడు, మందలించడు. ఆ గంటలు మాత్రం మనకు తెలిసేటట్లు చేస్తాడు.

రేవులో మే అనే యువతి (బెట్టీ కాంప్సన్) నీళ్లలో దూకుతుంది. దూకడం మనం నేరుగా చూడం. నీటి మీద ఆమె ప్రతిబింబం కనిపిస్తుంది, కదులుతుంది, నీరు చెదిరిపోతుంది. బిల్ ఆమెను బయటికి తీసి, భుజాన వేసుకొని సారాకొట్టు మేడమీది గదికి చేరుస్తాడు. ఆమె బట్టలు తడిసిపోయాయి గనుక తాకట్టు కొట్టు పగలగొట్టి బట్టలు ఎత్తుకొస్తాడు. ఈ దొంగతనం అప్పటికి నవ్వులాటగా కనిపిస్తుంది. పాఠకులు దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

అదే రాత్రి ఆ కొట్టులోనే ఇద్దరికీ పెళ్లి జరుగుతుంది. బిల్‌కు అది ఒక తమాషా, మేకు కాదు. పాస్టరు వస్తాడు, లైసెన్సు ఏదని అడుగుతాడు, రేపు తెస్తానంటాడు బిల్. చుట్టూ తాగుబోతుల గోల. లూ అనే స్త్రీ తన వేలి వుంగరం తీసి పెళ్లికూతురికి ఇస్తుంది. ఆమె ఆ ఆండీకి భార్య. అతను చాలాకాలంగా పట్టించుకోని భార్య. పాస్టరు చదవడం మొదలుపెట్టగానే గోల కొంచెం కొంచెంగా అణగుతుంది. ఒక్కొక్క ముఖమే బరువెక్కుతుంది. లైసెన్సు లేని ఆ పెళ్లిని చట్టం గుర్తించకపోవచ్చు. కానీ ఆ జనం గుర్తించినట్లు మనకు తెలుస్తుంది. ఇల్లూ వాకిలీ లేనివాళ్లకు ‘రేపు’ అన్నది ఎంత పెద్ద మాటో ఆ నిశ్శబ్దంలో వుంది. లూగా నటించిన ఓల్గా బక్లనోవా మాస్కో ఆర్ట్ థియేటర్ నుంచి వచ్చిన నటి. ఆ వుంగరం ఇచ్చేటప్పుడు ఆమె ముఖంలో తన పెళ్లి చరిత్ర అంతా చదువుకోవచ్చు.

తెల్లవారింది. బిల్ నిద్రపోతున్న మే దగ్గర డబ్బు పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోతాడు. రేవులో చెల్లే లెక్క ప్రకారం అతను బాకీ వుంచుకోలేదు. తర్వాత ఆ గదిలోకి ఆండీ జొరబడడం, లూ అతన్ని కాల్చడం, పోలీసులు ముందు మేనే అనుమానించడం, లూ నేరం ఒప్పుకోవడం వడివడిగా జరిగిపోతాయి. ఈ భాగంలో నాటకీయత కొంచెం చౌకబారుదే. నేను దాన్ని సమర్థించను.

దాని వెనువెంటనే వచ్చే దృశ్యం కోసమే ఈ వ్యాసం రాయాలనిపించింది. బిల్ ఓడకు పోవడానికే నిశ్చయించుకున్నాడు. అతని జేబు చిరిగి వేలాడుతోంది. కుట్టిపెడతానంటుంది మే. సూది తీసుకుంటుంది; దారం ఎక్కదు. కెమెరా ఆమె కళ్లతో చూస్తుంది: సూది బెజ్జం, దారం కొస మసకమసకగా కలిసిపోతాయి, కన్నీళ్లు అడ్డం కనుక. బిల్ సూది పుచ్చుకొని దారం ఎక్కించి ఇస్తాడు. ఆమె కుడుతుంది. ఇంతకు మించి ఏమీ లేదు.

ఇంత చిన్న దృశ్యంలో ఎంత వున్నదో ఆలోచించండి. రాత్రి అతను ఆమెకు ఇచ్చినవి దొంగబట్టలు, డబ్బు, ఒక అబద్ధపు ‘రేపు’. ఆమె అతనికి ఇవ్వగలిగింది తన చేతిపని. బొగ్గు పారకు అలవాటుపడిన ఆ మొరటు చేతులు సూదిని పట్టుకోవడంలోనే అతను మొదటిసారి ఆమె పనిలో పాలు పంచుకున్నాడు. ఇద్దరు కూలీల మధ్య ప్రేమ పనిద్వారా తెలిసిందని చెప్పడానికి మనవాళ్లు పేజీలకొద్దీ ఉపన్యాసాలు రాయగా చూశాను. రూపవాది అనిపించుకున్న ఈ మనిషి సూదీ దారంతో చెప్పాడు. ఆ మసక కూడా అలంకారం కాదు. కన్నీళ్లున్న కంటికి లోకం అట్లాగే కనిపిస్తుంది. రూపాన్నీ వస్తువునూ రెండు బుట్టల్లో వేరువేరుగా పెట్టి చూసే మన అలవాటుకు ఇక్కడ పని లేదు.

బిల్ అయినా ఓడకు పోతాడు. మళ్లీ బాయిలర్ల గది, మళ్లీ పార. ఓడ కదిలాక అతను పైకి వచ్చి నీళ్లలో దూకి ఒడ్డుకు ఈదుతాడు. ఈ దూకడాన్ని ప్రేమోన్మాదంగా మాత్రమే చూస్తే సగం పోతుంది. ఓడ వదిలి పారిపోయిన నావికుణ్ణి ఖైదు చేసే అధికారం అమెరికా చట్టంలోంచి 1915 నాటి నావికుల చట్టంతోగాని పూర్తిగా తొలగలేదు. ఆ తర్వాత కూడా పారిపోయినవాడికి రావలసిన జీతం జప్తయ్యేది. చిత్రం ఈ సంగతులు ప్రస్తావించదు. కానీ ఓడ కూలీ నీళ్లలో దూకడమంటే అతని జీవనాధారం కూడా అతనితోపాటు దూకడమే.

ఒడ్డున ఏం జరిగిందంటే, దొంగబట్టలు వంటిమీద వున్నందుకు మేను పట్టుకొని రాత్రి కోర్టులో నిలబెట్టారు. బిల్ వచ్చి దొంగను నేనంటాడు. జడ్జి ఆమెను వదిలి అతనికి 60 రోజులు వేస్తాడు. ఆ 60 రోజులు వేచివుంటావా అని ఆమెను అడుగుతాడు, వుంటానంటుంది. సుఖాంతమే. కాని హాలీవుడ్ సుఖాంతాలలో ఇటువంటిది అరుదు. ఓడ కంపెనీ ఆ మనిషికి ఇచ్చినది ఒక్క రాత్రి. అతను తన భార్యకు మాట ఇవ్వడానికి జైలు కావలసి వచ్చింది. జైల్లో వుంటే కదలడు గనుక! తిరుగుబోతు నావికుడు మొదటిసారి ఒకచోట నిలిచేది కటకటాల వెనక. ఈ చేదును దర్శకుడు ఎక్కడా అండర్‌లైన్ చేయడు.

మన మిత్రులు వేసే ప్రశ్నలు నాకు తెలుసు. సంఘం ఏది? తిరుగుబాటు ఏది? ‘పొటెంకిన్’లో నావికులందరూ ఒకే శరీరమై లేచారు, ఇక్కడ ఒక్కడు ఒక ఆడదానికోసం ఓడ దిగాడు, అంతేగా? నిజమే. కాని ఐసెన్‌స్టీన్ 1925లో తీసినది 1905 నాటి తిరుగుబాటును, అది కూడా గెలిచిన విప్లవం వెన్ను తట్టగా తీశాడు. అమెరికాలో 1921 సమ్మె ఓటమితో నావికుల సంఘం చితికిపోయింది. ఆ ఓటమి తర్వాతి రేవులో ఒంటరి మనిషిని ఒంటరిగా చూపడం అబద్ధమాడడం కాదు. యూజీన్ ఓ నీల్ 1922 నాటి ‘ది హెయిరీ ఏప్’ నాటకంలో కూడా నాయకుడు ఓడ కొలిమి కూలీయే. ఆ యాంక్ లోకంలో తన స్థానం ఏదని వెదికి వెదికి చివరకు గొరిల్లా బోనులో ప్రాణం వదులుతాడు. నాటకం గొప్పదే. కాని కూలీని మృగంగా తలచిన ధనిక యువతి చూపు ఆ నాటకం మీద చివరిదాకా పడివుంది. స్టెర్న్‌బర్గ్ చిత్రంలో ధనికుడు ఒక్కడూ లేడు. బిల్‌ను చూసేది మే, మేను చూసేది లూ.

ఈ రేవు అంతా స్టూడియోలో కట్టినది. పొగమంచు, దీపాలు, వేలాడే వలలు, తడి మెట్లు అన్నీ ఏర్పాటే. హెరాల్డ్ రాసన్ ఛాయాగ్రహణం, హన్స్ డ్రయర్ కళాదర్శకత్వం. గ్రియర్సన్ మరుసటి ఏడాది, 1929లో, విడుదలైన ‘డ్రిఫ్టర్స్’ కోసం నిజమైన చేపల పడవలు ఎక్కాడు. ఆ పని ఆయన చేయవలసిందే. అయితే నిజమైన రేవులో తీసినంత మాత్రాన నిజం దొరకదనీ, కట్టిన రేవులో అది దొరకకపోదనీ ఈ రెండు చిత్రాలూ పక్కపక్కన చూసినవారికి తెలుస్తుంది. స్టెర్న్‌బర్గ్ 1925లో తన మొదటి చిత్రం ‘ది సాల్వేషన్ హంటర్స్’ను శాన్ పెడ్రో రేవు బురదలో, మట్టి తోడే యంత్రం పక్కనే తీసినవాడు. వియన్నాలో పేద యూదు కుటుంబంలో పుట్టినవాడు. పేరు నడుమ ‘వాన్’ తండ్రి ఇచ్చినది కాదు. రేవు మనుషులు అతనికి పుస్తకాలలో తగిలినవాళ్లు కారు.

1999లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం తన జాతీయ చిత్రాల పట్టికలో దీన్ని చేర్చింది. 2010లో డిస్కుగా వచ్చింది. విద్యార్థులకు చూపించడానికి ఇప్పుడు సాకు లేదు.

నేను చూపించిన రోజు వెలుతురు వచ్చాక ఒక విద్యార్థిని లేచి, లూ సంగతి ఏమిటండీ అని అడిగింది. నేను బిల్ గురించీ, చట్టం గురించీ మాట్లాడబోతున్నాను. ఆమె వదల్లేదు. వుంగరం ఇచ్చింది లూ. ఒళ్లు చల్లబడిన మేకు సపర్యలు చేసింది లూ. మే మీద పడబోయిన హత్యానేరాన్ని నాదని ఒప్పుకున్నది లూ. బిల్ బట్టల దొంగతనం ఒప్పుకుంటే మనం కన్నీళ్లు పెట్టుకున్నాం, హత్య ఒప్పుకున్న ఆమెను పోలీసులు తీసుకుపోతుంటే చిత్రం మళ్లీ ప్రేమకథలోకి వెళ్లిపోయిందేమండీ అన్నది. నేను మళ్లీ రీలు వెనక్కి తిప్పి చూశాను. ఆ పిల్ల అన్నది నిజం. బిల్‌కు 60 రోజులు పడిందని చిత్రం లెక్కగా చెబుతుంది. లూకు ఎంత పడిందో చెప్పలేదు.