‘మధ్యవర్తి’ పదం - అంతర్జాతీయ ఆర్బిట్రేషన్: అర్థసంకరం, వృత్తిధర్మం

వ్యాససంగ్రహం:
ఆర్బిట్రేషన్, మీడియేషన్ అనే రెండు భిన్న ప్రక్రియలకు తెలుగులో ‘మధ్యవర్తిత్వం’ అనే ఒకే పదం వాడుకలో ఉంది. ఈ అర్థసంకరం కేవలం అనువాద లోపం కాదనీ, అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ వృత్తి నేడు ఎదుర్కొంటున్న ప్రధాన సమస్యలను తెలుగు పాఠకుడి దృష్టికి రానీయని అడ్డుతెర అనీ ఈ వ్యాసం నిరూపించడానికి ప్రయత్నిస్తుంది. ఇటీవలి న్యాయస్థానాల తీర్పుల ఆధారంగా తీర్పరి తటస్థత, గోప్యత, రుసుము అనే అంశాలను పరిశీలించి, పదాల ఎంపిక గురించి కొన్ని సూచనలు చేస్తుంది.

కీలక పదాలు: మధ్యవర్తి, తీర్పరి, తగవు, ఆర్బిట్రేషన్, మీడియేషన్, పారిభాషిక పదజాలం, తటస్థత.

1. ఉపోద్ఘాతం:

రెండు దేశాల సంస్థలు వ్యాపార ఒప్పందం చేసుకున్నప్పుడు, రేపు వివాదం వస్తే ఎవరి దేశపు కోర్టుకు వెళ్లాలన్న ప్రశ్న మొదటే ఎదురవుతుంది. ఎదుటి పక్షం కోర్టుపై ఎవరికీ పూర్తి నమ్మకం ఉండదు. ఈ అపనమ్మకానికి పరిష్కారంగా ఎదిగినదే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్. ఉభయ పక్షాలూ తాము అంగీకరించిన వ్యక్తుల ముందు వాదించుకుంటాయి. వారు చెప్పిన నిర్ణయానికి కట్టుబడతాయి. 1958లో న్యూయార్క్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం వల్ల ఒక దేశంలో వెలువడిన నిర్ణయాన్ని మరో దేశంలో అమలు చేయించుకునే వీలు కలిగింది. ఈ ఒప్పందంలో నేడు 170కి పైగా దేశాలు భాగస్వాములు. భారతదేశం 1960లోనే దీనిని ధ్రువీకరించింది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1985లో రూపొందించిన నమూనా చట్టాన్ని అనుసరించి మన దేశంలో 1996లో ఆర్బిట్రేషన్, కన్సీలియేషన్ చట్టం వచ్చింది.

2021 డిసెంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభం కావడంతో ఈ విషయం తెలుగు పత్రికల్లోకి ప్రముఖంగా వచ్చింది. ఆ వార్తల్లో ఎక్కువగా కనిపించిన పేరు ‘అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం’. కేంద్రం అసలు పేరులో ఉన్న రెండు ప్రక్రియలు తెలుగులోకి వచ్చేసరికి ఒకటైపోయాయి. ఈ ఒక్కటి కావడంలో ఏమి పోయిందో పరిశీలించవలసి ఉంది.

2. ఒకే పదం - రెండు ప్రక్రియలు:

మీడియేషన్‌లో మధ్యన కూర్చున్న వ్యక్తి తీర్పు చెప్పడు. ఇరుపక్షాలనూ మాట్లాడించి, రాజీకి దారి చూపుతాడు. రాజీ కుదరకపోతే ఎవరి దారి వారిదే. కుదిరితే ఆ రాజీపత్రానికి చట్టబద్ధమైన బలం ఉంటుందని 2023 నాటి మీడియేషన్ చట్టం చెబుతుంది. అయితే ఆ బలం పక్షాలు సంతకం చేసి ఒప్పుకోవడం వల్ల వచ్చినది, మధ్యనున్న వ్యక్తి నిర్ణయించడం వల్ల వచ్చినది కాదు.

ఆర్బిట్రేషన్ ఇందుకు భిన్నం. అందులో సాక్ష్యం ఉంటుంది, వాదన ఉంటుంది, చివరకు నిర్ణయం ఉంటుంది. ఓడిన పక్షానికి ఆ నిర్ణయం నచ్చకపోయినా తప్పించుకునే మార్గాలు చాలా తక్కువ. నిర్ణయంలో సాధారణమైన పొరపాటు ఉన్నదన్న కారణంతో కోర్టు దానిని పక్కన పెట్టదు. 1996 చట్టంలోని 34వ సెక్షన్ కింద కోర్టు జోక్యానికి ఉన్న కారణాలు పరిమితమైనవి.

ఈ రెండింటికీ ఒకే పేరు పెడితే కలిగే చిక్కుకు 2024 జూన్ 3న కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖ జారీ చేసిన మార్గదర్శకాలు మంచి ఉదాహరణ. ప్రభుత్వ సంస్థలు తమ దేశీయ సేకరణ ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ నిబంధనను అలవాటుగా చేర్చకూడదనీ, సాధారణంగా 10 కోట్ల రూపాయల లోపు వివాదాలకే దానిని పరిమితం చేయాలనీ, మీడియేషన్‌ను ప్రోత్సహించాలనీ వాటి సారాంశం. వాడుకలో ఉన్న పదాలతో దీన్ని తెలుగులో చెబితే, ప్రభుత్వం మధ్యవర్తిత్వాన్ని తగ్గించి మధ్యవర్తిత్వాన్ని పెంచాలనుకుంటున్నదని చెప్పవలసి వస్తుంది. ఒక విధాన నిర్ణయం అర్థమే లేని వాక్యంగా మారిపోతుంది.

హిందీలో ఈ చిక్కు లేదు. 1996 చట్టం పేరులో ‘మాధ్యస్థమ్’ అనీ, 2023 చట్టం పేరులో ‘మధ్యకతా’ అనీ వేర్వేరు పదాలు ఉన్నాయి. రెండూ ‘మధ్య’ అన్న మాట నుంచే వచ్చినా చట్టం వాటిని విడదీసింది. తెలుగు ఆ పని ఇంకా చేయలేదు.

నష్టపోయేది పండితుడు కాదు, సంతకం చేసేవాడు. ఆంగ్లంలో ఉన్న ఒప్పంద పత్రంలోని నిబంధనను ఎవరైనా ‘వివాదం వస్తే మధ్యవర్తిత్వం’ అని చెబితే, పెద్దమనుషుల ఎదుట మాట్లాడుకోవడం అనే అర్థమే చిన్న వ్యాపారికి స్ఫురిస్తుంది. తాను కోర్టుకు వెళ్లే హక్కును చాలావరకు వదులుకున్నాననీ, పరాయి దేశంలో తన ఖర్చుతో వాదించుకోవలసి రావచ్చనీ అతనికి ఆ మాట చెప్పదు.

3. ‘వేదిక’, ‘అవార్డు’:

ఇదే సంకరం మరి రెండు పదాల్లోనూ ఉంది. ఆర్బిట్రేషన్ చట్టంలో ‘సీట్’, ‘వెన్యూ’ అనేవి వేర్వేరు భావనలు. విచారణ సౌకర్యం కోసం ఎక్కడైనా జరగవచ్చు. అది వెన్యూ. ఏ దేశపు కోర్టులకు ఆ ప్రక్రియపై పర్యవేక్షణాధికారం ఉంటుందో నిర్ణయించేది సీట్. విదేశంలో సీట్ ఉన్న ఆర్బిట్రేషన్‌కు 1996 చట్టంలోని మొదటి భాగం వర్తించదని 2012లో భారత్ అల్యూమినియం కంపెనీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. తెలుగులో రెండింటినీ ‘వేదిక’ అంటే, విచారణ జరిగే హోటలు గదికీ, వివాదంపై అధికారం గల న్యాయవ్యవస్థకూ భేదం లేకుండా పోతుంది.

తీర్పరి ఇచ్చే నిర్ణయాన్ని ఆంగ్లం అనుసరించి ‘అవార్డు’ అంటున్నారు. తెలుగు పాఠకుడికి అవార్డు అంటే బహుమతి, సన్మానం. ఒక సంస్థపై కోట్ల డాలర్ల భారం మోపిన నిర్ణయాన్ని అవార్డు అన్నప్పుడు పదం తన పనిని తాను చేయడం లేదు.

4. పక్షం ఎంచుకున్న తీర్పరి:

‘మధ్యవర్తి’ అనే పదంలో ఒక హామీ ఉంది. ఇతడు ఇటూ కాదు, అటూ కాదు, మధ్యన ఉన్నవాడు. అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో నేటి ప్రధాన వివాదం సరిగ్గా ఈ ‘మధ్య’ గురించే.

ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్‌లో సాధారణంగా ఒక్కొక్క పక్షం ఒక్కొక్కరిని ఎంచుకుంటుంది. మూడవవారు అధ్యక్షత వహిస్తారు. తనను ఎంచుకున్న పక్షానికి అనుకూలంగా ఉండకూడదన్నది తీర్పరి ధర్మం. తిక్కన ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడు హస్తినకు వెళ్లినది పాండవుల పక్షాన. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు, అతడూ దాచలేదు. రాయబారి ఒక పక్షపు మనిషి కావడం దోషం కాదు. తీర్పరి విషయంలో అదే దోషం. పక్షం పంపినవాడే అయినా పక్షపు మనిషి కాకూడదన్న ఈ కఠినమైన నియమాన్ని ‘మధ్యవర్తి’ అన్న పదం ఇప్పటికే నెరవేరిన గుణంగా చూపిస్తుంది. నిజానికి అది ప్రతి కేసులోనూ నిరూపించుకోవలసిన గుణం.

ఇందుకు 2020 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు హాలిబర్టన్, చబ్ సంస్థల వివాదంలో ఇచ్చిన తీర్పు సాక్ష్యం. 2010లో మెక్సికో సింధుశాఖలో జరిగిన డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదం నుంచి పుట్టిన బీమా వివాదమది. ట్రిబ్యునల్ అధ్యక్షుడు అదే ప్రమాదానికి సంబంధించిన మరో కేసులో చబ్ తరఫున నియామకం స్వీకరించి, ఆ సంగతి హాలిబర్టన్‌కు తెలియజేయలేదు. ఇటువంటి నియామకాన్ని వెల్లడించడం తీర్పరికి చట్టపరమైన బాధ్యత అని కోర్టు స్పష్టం చేసింది. ఆయన ఆ బాధ్యతను నెరవేర్చలేదని చెబుతూనే, ఆ కేసు పరిస్థితుల్లో పక్షపాతం ఉన్నదని అనుమానించడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. ఈ వృత్తిలో అనుభవజ్ఞుల సంఖ్య తక్కువ. అదే వ్యక్తులు మళ్లీ మళ్లీ ఎంపికవుతారు. ఒక కేసులో న్యాయవాదిగా ఉన్నవారు మరో కేసులో తీర్పరిగా కూర్చుంటారు. అందుకే అంతర్జాతీయ న్యాయవాదుల సంఘం ప్రయోజనాల వైరుధ్యంపై 2004లో రూపొందించిన మార్గదర్శకాలను 2014లో, మళ్లీ 2024లో సవరించవలసి వచ్చింది.

మన దేశంలో సమస్య మరింత సూటిగా ఎదురైంది. ప్రభుత్వ సంస్థలు తమ ఒప్పందాల్లో తీర్పరిని తామే నియమించే నిబంధన పెట్టుకోవడం చాలాకాలం సాగింది. 2015 సవరణతో పక్షాలతో సంబంధం ఉన్నవారి అర్హతపై ఆంక్షలు వచ్చాయి. 2024 నవంబరు 8న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, ఒక పక్షమే ఏకైక తీర్పరిని నియమించే నిబంధన నిష్పాక్షికతపై సందేహాలకు తావిస్తుందనీ, ప్రభుత్వ ఒప్పందాల్లో అది రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమనీ మెజారిటీతో తీర్పునిచ్చింది. ‘పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్లు’ అన్న సామెతలో తీర్పరిపై తెలుగు సమాజానికి గల అనుమానం ఉంది. ఇక్కడ పరిస్థితి అంతకన్నా విచిత్రం. పోరాడే పిట్టల్లో ఒకటే పిల్లిని ఎంచుకుని తెస్తున్నది.

5. గోప్యత - నైజీరియా అనుభవం:

ఆర్బిట్రేషన్‌ను సమర్థించేవారు చెప్పే గుణాల్లో గోప్యత ఒకటి. వ్యాపార రహస్యాలు బయటపడవు. భారత చట్టంలోనూ 2019 సవరణ గోప్యతా నియమాన్ని చేర్చింది. అయితే ఒక పక్షం ప్రభుత్వమైనప్పుడు, చెల్లించవలసినది ప్రజాధనమైనప్పుడు ఈ గుణం దోషంగా మారవచ్చు.

2010లో నైజీరియా ప్రభుత్వం ఒక విదేశీ సంస్థతో సహజవాయువు శుద్ధి ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వం వాయువు సరఫరా చేయలేదు, సంస్థ ప్లాంటు నిర్మించలేదు. లండన్ సీట్‌గా జరిగిన ఆర్బిట్రేషన్‌లో 2017 జనవరిలో ట్రిబ్యునల్ మెజారిటీతో సుమారు 660 కోట్ల డాలర్ల నష్టపరిహారాన్ని, దానిపై 7 శాతం వడ్డీని విధించింది. వడ్డీతో అది కాలక్రమంలో 1100 కోట్ల డాలర్లు దాటింది. సవాలు చేసే గడువు ముగిసిపోయినా 2020లో ఇంగ్లండ్ కోర్టు ప్రత్యేకంగా అనుమతినిచ్చింది. 2023 అక్టోబరు 23న న్యాయమూర్తి రాబిన్ నోల్స్ ఆ నిర్ణయాలు మోసంతో సాధించినవని తేల్చారు. నైజీరియా అధికారిణికి లంచాలు ముట్టాయి. సంస్థ తరఫున తప్పుడు సాక్ష్యం దాఖలైంది. నైజీరియా తన న్యాయవాదులతో పంచుకున్న అంతర్గత పత్రాలు ప్రత్యర్థి చేతికి చేరాయి. తరువాత ఆ నిర్ణయాలు రద్దయ్యాయి.

ఈ కేసులో విమర్శకుడు గమనించవలసినది మోసం జరగడమొక్కటే కాదు. ట్రిబ్యునల్ సభ్యులు పేరున్న న్యాయవేత్తలు. వారు తప్పు చేశారని కోర్టు అనలేదు. తమ ముందుకు వచ్చిన వాదనలపై ఆధారపడి నిర్ణయం చెప్పారు. నైజీరియా వాదన బలహీనంగా సాగింది. తలుపులు మూసిన గదిలో పత్రికల దృష్టి గానీ, పౌరుల దృష్టి గానీ లేదు. ఇంత పెద్ద మొత్తం, ఒక రాజ్యం ప్రమేయం ఉన్నప్పుడు ఆర్బిట్రేషన్ ప్రక్రియపై మరింత శ్రద్ధ అవసరమా అన్న ప్రశ్నను న్యాయమూర్తి స్వయంగా తీర్పులో లేవనెత్తారు. సీట్ లండన్ కావడం వల్లనే ఇంగ్లండ్ కోర్టు ఈ మోసాన్ని పరిశీలించగలిగింది. మూడవ భాగంలో చెప్పిన ‘వేదిక’ పదభేదం విలువ ఇక్కడ తేటతెల్లమవుతుంది.

6. రుసుము:

రెండు పిల్లుల మధ్య రొట్టె పంచడానికి వచ్చిన కోతి, తూకం సరిచేస్తూ మొత్తం తానే తినేసిన కథ తెలుగు పిల్లలందరికీ తెలుసు. తీర్పు ఖర్చుపై ఇంతకన్నా సూటి విమర్శ లేదు. కోర్టులో న్యాయమూర్తికి జీతం ప్రభుత్వం ఇస్తుంది. ఆర్బిట్రేషన్‌లో తీర్పరికి రుసుము చెల్లించేది పక్షాలే. 2022 ఆగస్టులో ఓఎన్‌జీసీ, ఆఫ్‌కాన్స్ కేసులో సుప్రీంకోర్టు, పక్షాల అంగీకారం లేకుండా తీర్పరులు తమ రుసుమును తామే ఏకపక్షంగా నిర్ణయించుకోరాదని చెప్పింది. తన వివాదంలో తాను తీర్పరి కారాదన్న సూత్రాన్ని కోర్టు తీర్పరులకే వర్తింపజేయవలసి వచ్చింది.

అయితే కోతి కథ అన్ని కేసులకూ సరిపోదు. ఏళ్ల తరబడి సాగే కోర్టు వ్యాజ్యానికీ ఖర్చు ఉంది. న్యూయార్క్ ఒప్పందం వల్ల కలిగే అమలు సౌలభ్యం పరాయి కోర్టు తీర్పుకు అంత తేలికగా దొరకదు. విదేశీ కొనుగోలుదారుతో వ్యాపారం చేసే సంస్థకు ఆర్బిట్రేషన్ చాలాసార్లు ఉన్నవాటిలో మేలైన మార్గమే. విమర్శ దానిని తోసిపుచ్చడానికి కాదు, దాని షరతులు తెలిసి ఒప్పుకోవడానికి.

7. పదాల ఎంపిక:

ప్రాచీన తెలుగులో ‘తగవు’ అంటే న్యాయం, యుక్తమైనది. నేటి వాడుకలో తగవు అంటే కలహం. న్యాయం చెప్పేవాడనే అర్థంలో ‘తగవరి’ అందమైన పదమే. కానీ నేటి పాఠకుడికి అది కలహప్రియుడిని స్ఫురింపజేసే ప్రమాదం ఉంది. ‘తీర్పరి’లో ఆ ప్రమాదం లేదు. నిర్ణయం చెప్పే అధికారం అందులో స్పష్టంగా వినిపిస్తుంది. పక్షాల అంగీకారం నుంచే ఆ అధికారం పుట్టిందన్న అంశం మాత్రం అందులో లేదు.

అందువల్ల ఆర్బిట్రేషన్ అనే ప్రక్రియ పేరును ఉన్నది ఉన్నట్లు ఉంచి, ఆర్బిట్రేటర్‌ను తీర్పరి అనీ, అవార్డును ఆర్బిట్రేషన్ తీర్పు అనీ అనడం మేలు. మధ్యవర్తి, మధ్యవర్తిత్వం అనే పదాలను మీడియేషన్‌కు మాత్రమే పరిమితం చేయాలి. సీట్‌కు ‘అధికారస్థానం’, వెన్యూకు ‘విచారణస్థలం’ సరిపోతాయి. పదం కొత్తదా పాతదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. భేదాన్ని నిలబెడుతున్నదా లేదా అన్నదే కొలమానం.

8. ముగింపు:

అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ గురించిన నేటి వివాదాలన్నీ ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి: మధ్యన కూర్చున్నవాడు నిజంగా మధ్యన ఉన్నాడా? తీర్పరిని ఎవరు ఎంచుకున్నారు, ఎవరు చెల్లిస్తున్నారు, ఎవరి కళ్లముందు విచారిస్తున్నాడు అన్నవి ఆ ప్రశ్నకు శాఖలు. ఈ ప్రశ్న అడగవలసిన చోటే ‘మధ్యవర్తి’ అన్న తెలుగు పదం సమాధానం ముందే ఇచ్చేస్తున్నది. తెలుగు విశ్వవిద్యాలయాల్లో అనువాద, పారిభాషిక పదజాల పరిశోధనలు సాహిత్య, పాలనా రంగాలకే పరిమితం కాకుండా న్యాయ, వాణిజ్య రంగాలకు విస్తరించవలసిన అవసరాన్ని ఇది సూచిస్తున్నది. ఒప్పందంపై సంతకం పెట్టే తెలుగువాడికి తాను రాజీకి ఒప్పుకుంటున్నాడో, తీర్పుకు ఒప్పుకుంటున్నాడో తన భాషలో తెలియాలి.