తక్కెడ పట్టుకున్నది ఎవరు?

ప్రవాస కథా సంకలనాలు తిరగేసినప్పుడల్లా నాకొక లోటు కనబడుతుంది. వాటిలో గుడి ఉంటుంది, వారాంతపు విందులుంటాయి, ఇండియాలో ఒంటరిగా మిగిలిన అమ్మ ఉంటుంది. ఆదివారం పొద్దున్నే చర్చికి బయల్దేరే తెలుగు దంపతులు మాత్రం అరుదు. మా హెలెన్స్‌బర్గ్ గురించి రాసేవారు కూడా 1985లో కుంభాభిషేకం జరిగిన వేంకటేశ్వరాలయం దగ్గరే ఆగిపోతారు. అందులో తప్పేమీ లేదు. సిడ్నీ తెలుగువాళ్లకి ఈ ఊరంటే ఆ గుడే. కానీ బొగ్గుగనిని నమ్ముకుని పుట్టిన ఈ చిన్న ఊరి చుట్టుపక్కల ఆ గుడి మెట్లు ఎక్కని తెలుగువాళ్లు కూడా బతుకుతున్నారు.

కథల్లో దొరకని ఆ దంపతులు ప్రసంగాల్లోనూ, దాంపత్య సదస్సుల్లోనూ, పెళ్లి మీద రాసిన క్రైస్తవ పుస్తకాల్లోనూ బోలెడుమంది కనబడతారు. అక్కడ వాళ్లకి చెప్పే సలహా దాదాపు ఒక్కటే. మొదట దేవుడు, తర్వాత కుటుంబం, ఆ తర్వాత ఉద్యోగం. మూడింటినీ సమతూకంలో ఉంచుకోండి. వినడానికి బాగానే ఉంటుంది. నా పేచీ అంతా ఆ 'సమతూకం' అన్న మాటతోనే. తక్కెడకి ఉండేవి రెండు పళ్లేలు. మూడోది ఎక్కడ పెట్టాలి? అసలు ఆ తక్కెడ పట్టుకుని నిలబడ్డది ఎవరు?

ఇక్కడి బతుకే చూడండి. భార్య నర్సు అనుకుందాం. ఆస్ట్రేలియాలో నర్సుల కనీస వేతనాలు నిర్ణయించే అవార్డు ప్రకారం పర్మనెంటు ఉద్యోగికి శనివారం పనికి మామూలు రేటు మీద 150 శాతం, ఆదివారం 175 శాతం చెల్లించాలి. అంటే వారంలో అందరికన్నా ఎక్కువ జీతమిచ్చే రోజూ, ఆరాధన రోజూ ఒకటే. ఇంటి అప్పు వాయిదా, ఊరికి పంపే డబ్బు, చివరికి చర్చికిచ్చే దశమభాగం కూడా ఆ షిఫ్టులోంచే రావాలి. ఆమె డ్యూటీకి వెళ్తే "చెల్లి ఆత్మీయంగా చల్లారిపోయింది" అంటారు. అదే భర్త వెళ్తే "బ్రదర్ ఇంటికోసం ఎంత కష్టపడుతున్నారో" అంటారు. దేవుడు, కుటుంబం, ఉద్యోగం అనే ఆ వరసలో ఈ తేడాకి చోటు లేదు.

నిజానికి మన సాహిత్య చరిత్రలో కూడా ఈ మూడూ విడివిడి వస్తువులు కావు. గుర్రం జాషువా (1895-1971) గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశారు. జీతమూ ఆరాధనా ఒకే గడప లోపల అన్నమాట. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాలు పట్టుకున్నాడని మతపెద్దలు ఆయన్ని వెలివేశారు. ఆ దెబ్బ ఒక్క కవికే తగిలి, ఇంట్లో ఇల్లాలికి తగలకుండా ఉంటుందా? 1964లో 'క్రీస్తు చరిత్ర'కి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన సంగతి అందరం చెప్పుకుంటాం. వెలి నాడు ఆ ఇల్లాలు ఏమని ప్రార్థించి ఉంటుందో అడిగే అలవాటు మన విమర్శకి అంతగా లేదు.

అడిగినవాళ్లలో ఒకరు ప్రవాస రచయిత్రే. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ సుజాత గిడ్ల ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్' 2017లో వచ్చింది. చాలామంది దాన్ని మేనమామ కె.జి. సత్యమూర్తి, అంటే శివసాగర్, కథగా చదివారు. నాకు మాత్రం అది రచయిత్రి తల్లి మంజుల కథ. బెనారస్‌లో ఎం.ఏ. చదివిన దళిత క్రైస్తవ స్త్రీ. లెక్చరర్ ఉద్యోగం కోసం ఊళ్లు మారడం, పిల్లల పెంపకం, అత్తింటి పోరు, భర్త చేతి దెబ్బలు, వీటిలో దేన్నీ దాచకుండా కూతురు రాసింది. చదువుకున్న క్రైస్తవ కుటుంబం అనగానే మనం వేసుకునే చక్కటి బొమ్మ ఈ పుస్తకంతో చెరిగిపోతుంది. దాని బలం అదే.

అయితే నాకొక అసంతృప్తి కూడా ఉంది. ఈ పుస్తకంలో క్రైస్తవం ఎక్కువగా ఒక సామాజిక స్థితి. బడి, ఉద్యోగం, కులం మోసిన ముద్ర. ఇవన్నీ నిజమే. కానీ అంత నలిగిన దాంపత్యంలో విశ్వాసం ఆమెకి ఆసరా అయిందా, లేక నోరు నొక్కే సాధనమైందా? ఆ ప్రశ్న దగ్గర నాకు కావలసినంత దొరకలేదు. ప్రసంగీకుడు విశ్వాసం ఒక్కటే చూసి ఆమె అలసటని వదిలేస్తాడు. గిడ్ల అలసటంతా చూసి విశ్వాసాన్ని పక్కన ఉంచింది. రెండూ కలిపి చూసే కథ మనకింకా రావాలి.

అది ఇక్కడినుంచే రావచ్చు. అందులో భర్త పిల్లల్ని తయారుచేసి సండే స్కూలుకి తీసుకెళ్లాలి, ఆమె వార్డులో పదిమందికి సేవ చెయ్యాలి. ఆ ఇద్దరిలో ఆ రోజు ఆరాధన చేసింది ఎవరో పాఠకుడు ఆలోచించాలి. ఓర్చుకో అనే వాక్యం ఆమెకి చెప్పేముందు, వంటింట్లో నీ వంతెంత అని పాస్టరుగారు అతన్ని అడగాలి. ఇంత చిన్న ప్రశ్న అడిగే పాస్టరుగారు మన కథల్లో నాకింతవరకు తారసపడలేదు.