నీళ్లు నిలవని సిలువ

మా నాన్న పెరట్లో నిలబెట్టిన మొదటి సిలువ ఐదో ఏట వానాకాలంలో, ఒక రాత్రి వీచిన గాలికి పడిపోయింది. పొద్దున లేచి చూస్తే పైభాగం చెక్కుచెదరలేదు. అడ్డకర్ర అతుకు బిగువుగానే ఉంది. విరిగింది సరిగ్గా నేల మట్టానికి, సిమెంటు కట్టు లోపల. మిగిలిన మొద్దును తవ్వి తీసి చేత్తో నలిపితే చెరకు పిప్పిలా పోగులు పోగులుగా ఊడివచ్చింది. పది కాలాలపాటు గట్టిగా నిలబడాలనే నాన్న చుట్టూ సిమెంటు పోశారు. ఆ సిమెంటే గిన్నెలా మారి, పడిన ప్రతి వాన నీటినీ కర్ర మొదట్లో పట్టి ఉంచింది.

రెండో సిలువ చేసిపెట్టిన వడ్రంగి ఆచారి గారు ఆ మొద్దును అటూ ఇటూ తిప్పి చూసి ఒకే మాటన్నారు. "కర్రకు నీళ్లు తగిలితే ఏం కాదమ్మా. నిలవుంటేనే పోతుంది." ఆయనది మా మతం కాదు. అయినా మా పల్లెలో గుడి తలుపులూ, ప్రసంగ వేదికా, సమాధుల మీది కొయ్య సిలువలూ ఆయన చేతివే. బయట నిలబెట్టే కొయ్య సిలువ గురించి తెలుసుకోవలసిందంతా ఆ ఒక్క మాటలో ఉందని నాకు అప్పుడు తెలియదు. ఆయన పక్కన కూచుని నాలుగు రోజులు పని చూశాక తెలిసింది.

మాది ఒంగోలు వైపు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం. మిషనరీ జాన్ క్లౌ కాలంనాటి ఆ సంగతి మా పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పేరున్న చీమకుర్తి గ్రానైటు మాకు కూతవేటు దూరమే కాబట్టి ఇప్పుడు సమాధులకు రాయికి కొదవలేదు. నున్నటి నల్లరాయి మీద పేరు, తేదీలు చెక్కించి సిలువ గుర్తు వేయిస్తున్నారు. అది తప్పని అనను. కానీ రాతి సిలువను డబ్బిచ్చి తెచ్చుకుంటాం, కొయ్య సిలువను ఇంట్లో మనమే చేసుకోగలం. తోటలోనో సమాధి దగ్గరో మన చేత్తో నిలబెట్టిన కర్ర ముందు మోకరించడంలో ఉండే దగ్గరితనం వేరు. యేసు కూడా వడ్రంగం ఎరిగినవాడేనని సువార్తలు చెబుతున్నాయి కదా.

ముందు కర్ర సంగతి. పల్లెల్లో చాలామంది సరుగుడు వాసమో జామాయిల్ బాదో తెచ్చి రెండు ముక్కలు కలిపి కట్టేస్తారు. మంచి శుక్రవారం ఊరేగింపులో భుజాన మోయడానికి అవి చాలు, తేలికగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండలో వానలో నిలబడాలంటే మాత్రం చాలవు. పచ్చి జామాయిల్ ఎండేకొద్దీ మెలితిరుగుతుంది, నిలువునా పగులుతుంది. కావలసింది టేకు, అందులోనూ చేవ. దుంగను అడ్డంగా కోస్తే నడుమ ముదురు రంగులో కనిపించేదే చేవ, దాని చుట్టూ పాలిపోయినట్టుండేది తెల్లచెక్క. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు మోసేది ఆ తెల్లచెక్కే. అందుకే తడినీ చెదలునూ మొదట రానిచ్చేది కూడా అదే. టేకు అని కొన్నంత మాత్రాన సరిపోదు, అంచున తెల్లచెక్క ఉంటే చిత్రిక పట్టించి తీసేయాలి. ఆచారి గారు ఆ విషయంలో అర అంగుళం కూడా వదల్లేదు.

కొత్త కర్ర కన్నా పాత ఇంటి కర్ర మేలు. పచ్చి కర్ర నీడన ఆరడానికి మందం అంగుళానికి ఏడాది చొప్పున పడుతుందని పాత లెక్క. నాలుగంగుళాల కర్రకు నాలుగేళ్లు ఎవరు ఆగుతారు? అదే కూలగొట్టిన పెంకుటింటి దూలమైతే యాభై ఏళ్లుగా అటక కింద ఆరుతూ వచ్చింది. వంగేదుంటే ఎప్పుడో వంగింది, పగిలేదుంటే ఎప్పుడో పగిలింది. మా రెండో సిలువ తాతయ్య ఇంటి దూలంలోంచి వచ్చిందే. చిత్రిక పట్టగానే పైనున్న మసి పొర పోయి లోపల తేనె రంగు బయటపడింది. పెరడంతా టేకు వాసన.

కొలతలు తేలిక. నాలుగంగుళాల చదరం కర్ర, నిలువు ఆరడుగులు, అడ్డం మూడున్నర. పై కొసా రెండు రెక్కలూ ఒకే పొడవుంటే సిలువ చూడముచ్చటగా ఉంటుంది. మూడున్నర అడుగులంటే 42 అంగుళాలు. అందులో నిలువు కర్ర వెడల్పు నాలుగు తీసేస్తే 38, రెండు పక్కలకూ 19 చొప్పున. అంటే పై కొస నుంచి 19 అంగుళాలు దిగి గీత గీయాలి. అక్కడినుంచి నాలుగంగుళాలు అడ్డకర్రకు చోటు.

అతుకు దగ్గరే పనితనం తెలిసేది. నిలువు కర్ర ముందువైపు రెండంగుళాల లోతు, అడ్డకర్ర వెనకవైపు రెండంగుళాల లోతు చెక్కి, ఒకదాని ఒడిలో ఒకటి కూచోబెడతారు. రెండూ కలిసి మళ్లీ నాలుగంగుళాల మందమే అవుతాయి. మూలమట్టం పెట్టి గీసిన గీత మీద రంపం పెట్టకూడదు, తీసేసే భాగం వైపే పెట్టాలి. గీత మిగలాలి. ఆచారి గారు ముందు గీతల నడుమ నాలుగైదు చోట్ల రంపంతో గాట్లు పెట్టి, ఆ ముక్కల్ని ఉలితో ఒక్కొక్కటే ఎగరగొట్టారు. ఆ తర్వాత ఉలిని పడుకోబెట్టి అడుగు చదును చేశారు. అడ్డకర్రను తెచ్చి పెడితే దిగలేదు. గోరంత గీకి మళ్లీ పెట్టారు, దిగలేదు. మూడోసారి కొయ్య సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే, వదులు లేకుండా దిగి కూచుంది. సందులో కాగితం కూడా దూరలేదు. సందు లేకపోతే నీరు నిలవదు.

మేకు మాత్రం కొట్టొద్దు. బయట తడికి ఇనుప మేకు తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కర్రను లోపలినుంచి చీలుస్తుంది. సిలువ ఒంటిమీద నల్లగా చారలు కారుతాయి. బరమాతో రెండు బెజ్జాలు వేసి, బాగా ఆరిన టేకు చీలలు రెండు దిగగొడితే చాలు. కర్రతో పాటే అవీ ఉబ్బుతాయి, అవీ తగ్గుతాయి.

ఇక తల. కర్రను అడ్డంగా కోసిన చోట సన్నని గొట్టాలన్నీ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అక్కడ పడిన చినుకు పక్కలకు జారదు, లోపలికి దిగుతుంది. అందుకని పై కొసను నాలుగు వైపులా వాలుగా, మొద్దుబారిన పెన్సిలు మొనలా చెక్కాలి. రెక్కల కొసలకు నూనె రెట్టింపు పట్టించాలి. ఐరోపాలో లిథువేనియా వాళ్లు ఈ తల సంగతి శతాబ్దాలుగా ఎరిగినవాళ్లు. వాళ్ల ఓకు సిలువలకూ స్తంభాలకూ పైన చిన్న ఇంటికప్పు లాంటిది కడతారు. అది అలంకారమూ, గొడుగూ. విన్సస్ స్విర్‌స్కిస్ అనే 19వ శతాబ్దపు పనివాడు అసలు అతుకే లేకుండా ఒక్క దుంగలోనే సిలువను చెక్కేవాడు. షౌల్యై పట్టణం దగ్గర వాళ్ల సిలువల గుట్టను 1961లో సోవియట్ ప్రభుత్వం బుల్డోజర్లతో నేలమట్టం చేసింది, కొయ్యవాటిని కాల్చేసింది. జనం మళ్లీ చేసుకొచ్చి పాతారు. తీసేసిన ప్రతిసారీ పాతారు. ఆ సిలువల పనితనాన్ని యునెస్కో 2001లో గుర్తించి, 2008లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంట్లో ఉలీ రంపం పట్టగలిగిన మనిషి ఉన్నంతకాలం సిలువను ఎవరూ శాశ్వతంగా తీసేయలేరని ఆ గుట్ట చూపించింది. మన పల్లెల్లో అలాంటి నిర్బంధం లేదు. మనకున్న కొరత పట్టే చేతులే.

మళ్లీ మొదటికి, అంటే నేలకు వద్దాం. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, వేసవికి బెత్తెడు వెడల్పున నెర్రెలిస్తుంది. నేరుగా పాతిన ఏ కర్రా అందులో నిటారుగా నిలవదు. ఆచారి గారు అసలు కర్రను మట్టికి తగలనివ్వలేదు. రెండున్నర అడుగుల గొయ్యి, అడుగున అరడుగు కంకర, పైన ఒకటిన్నర అడుగుల చదరాన కాంక్రీటు. అందులో జింకు పూసిన రెండు ఇనుప పట్టీలు అడుగున్నర లోతుకు దిగేసి, పైకి అడుగు వదిలారు. ఆ రెంటి నడుమ సిలువను నిలిపి రెండు బోల్టులు బిగించారు. కర్ర అడుగు కాంక్రీటుకు అంగుళన్నర ఎత్తున ఆగింది. కాంక్రీటు పైభాగాన్ని నాలుగు వైపులా వాలుగా తీర్చారు. పెద్ద వాన వచ్చినా ఆ సందులోంచి నీరు పోతుంది, గాలి ఆడుతుంది. చెదలు ఎక్కాలన్నా ఇనుము మీదుగా మట్టి దారి కట్టుకుంటూ రావాలి, అది కంటికి కనపడుతుంది, తుడిచేయొచ్చు. పక్కన నిలబడితే తప్ప ఆ సందు ఉన్నట్టే తెలియదు.

రంగు వేయొద్దు. ఎనామిల్ రంగు రెండేళ్లు మెరిసి మూడో ఏట పెచ్చులూడుతుంది, ఆ పెచ్చుల వెనక తడి దాక్కుంటుంది. అవిసె నూనె వెచ్చబెట్టి గుడ్డతో పట్టించి, పీల్చినంత పీల్చనిచ్చి మిగిలింది తుడిచేయాలి. నూనె గుడ్డల్ని ముద్దగా చుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఎండలో ఆరేయండి. ఈ నూనె పని ఏటా ఒకసారి పడుతుంది. మంచి శుక్రవారం మార్చి 20కీ ఏప్రిల్ 23కీ మధ్యే వస్తుంది కాబట్టి మాకు అది శ్రమదినాల పనైపోయింది. అప్పటికి కర్ర ఎండి నూనె కోసం నోరు తెరుచుకుని ఉంటుంది, తొలకరి ఇంకా దూరం. మట్టల ఆదివారం మధ్యాహ్నం పిల్లలు గుడ్డలు పట్టుకుని దాని చుట్టూ చేరతారు. చిన్నవాళ్లకు మొదలు, ఎత్తైనవాళ్లకు రెక్కలు.

నాన్న పోయాక ఆయన సమాధికి కూడా అలాంటిదే, కొంచెం చిన్నది చేయించాం. అప్పటికి ఆచారి గారి చూపు తగ్గింది. గీతలు ఆయన చెప్పారు, ఉలి మా తమ్ముడు పట్టాడు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించినప్పుడు, మా తమ్ముడు ముందు అతుకును వేలితో తడిమి చూసి, ఆ తర్వాతే పాటలో గొంతు కలుపుతాడు. ఏటా అంతే.

పెరటి సిలువ నిలబెట్టి 19 ఏళ్లయింది. తేనె రంగు పోయి వెండి బూడిద రంగుకు తిరిగింది, అతుకు కదల్లేదు. మీ ఊళ్లో పాత పెంకుటిల్లు కూలగొడుతుంటే దూలాలన్నీ పాత సామాను కొట్టుకు తోలకండి. పదడుగుల టేకు ముక్క ఒకటి తీసి నీడన పెట్టుకోండి. ఒక సిలువకు అది సరిపోతుంది.