వ్యాసరచనయు విద్యాభ్యాసమును

మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంటర్మీడియటు విద్యార్థులు తెలుగు వ్యాసము నే భాషలో వ్రాయవలెనను వివాదము చెలరేగినప్పుడు, 1914వ సంవత్సరమున, గురజాడ అప్పారావుగారు అసమ్మతి పత్రమును సమర్పించిరి. తెలుగు వ్యాసమునకై పుట్టిన యీ వాదమును వారు ఆంగ్లమున వ్రాయవలసివచ్చుట నాటి కళాశాలల స్థితికి నిదర్శనము. పండితలోకము దానిని గ్రాంథిక వ్యావహారిక కలహమున నొక యాయుధముగనే చదువుచు వచ్చినది. చర్చ విశేషముగ భాషను గూర్చినదే యగుటచే నది సహజము. కాని దానివెనుక వేరొక ప్రశ్న యున్నది. విద్యార్థిచే వ్యాసము వ్రాయించుట యెందులకు?

పరీక్షకునకు వ్యాసము తూనికరాయి; అధ్యాపకునకు సాధనము. గోదావరి యానకట్టను గూర్చి చదివిన విద్యార్థి తనకంతయు తెలిసినదనియే తలచును. కలము పట్టినంతనే, 1852లో ముగిసిన యా కట్టడము నీటిని నిలువచేయుటకా, నీటిమట్టము నెత్తి కాలువలకు మరల్చుటకా యను సందేహము కలుగును. మరల గ్రంథము విప్పును. తెలియనిది తెలియదని తెలియుట యిచ్చట సంభవించును. వినుటవలనగాని వల్లించుటవలనగాని యిది సులభముగ కలుగదు. సరిగా నా క్షణముననే వాని బుద్ధి ద్రుతసంధివైపునకు మరలినచో ఆలోచన తెగిపోవును. అప్పారావుగారి పక్షమునకు బలమిచ్చు యుక్తులలో నిది ముఖ్యమైనది.

గ్రాంథికవాదుల మాటయు త్రోసివేయదగినది కాదు. ఒక ప్రమాణము లేనిదే గురువు దేనినిబట్టి దిద్దును? జయంతి రామయ్య పంతులుగారి పట్టుదలకు మూలమిదియే. అయితే పండితుల గ్రాంథికరచనలయందే స్ఖాలిత్యములున్నవని గిడుగు రామమూర్తి పంతులుగారు ఉదాహరణములతో చూపిరి. గురువులకే దుస్సాధమైన నియమమును శిష్యులపై మోపినచో ఎఱ్ఱసిరా యంతయు రూపములకే వ్యయమై, తప్పుడు హేతువు దిద్దబడక నిలుచును.

ఆనాడు విశ్వవిద్యాలయము గ్రాంథికమువైపే మొగ్గినది. తరువాత కాలము తీర్పును మార్చినది. పాఠ్యపుస్తకములు వాడుకభాషలోనికి వచ్చినవి. అయినను కంఠస్థవ్యాసము చావలేదు. భాష మారినది గాని వల్లెవేయుట మారలేదు. స్వేచ్ఛ కలిగినంతనే ఆలోచన పుట్టునని నమ్మినవారు ఇచ్చట పొరబడిరి. వ్రాసినదానిని గురువు ప్రశ్నించి, విద్యార్థిచే రెండవమారు వ్రాయించినప్పుడే రచన విద్యయగును. పరీక్షామందిరమున వ్రాసిన వ్యాసమో, మార్కులు పడినపిమ్మట సాధారణముగ విద్యార్థి చేతికి తిరిగిరాదు.